లంబసింగి ఘాటీ ఎవరు తవ్వారు?

చలికాలం వచ్చిందంటే శనివారం రాత్రి విశాఖపట్నం నుంచి మన కొండల వైపు బళ్లు బారులు తీరతాయి. వారమంతా పోర్టులోనో, స్టీలు ప్లాంటులోనో, ఏ ఆఫీసులోనో పని చేసిన కుర్రకారు దుప్పట్లు, టోపీలు వేసుకుని బయలుదేరతారు. తెల్లవారకముందే పాడేరు దగ్గర వంజంగి కొండ కిందికో, లంబసింగి పక్కన చెరువులవేనం కిందికో చేరుకుంటారు. అక్కణ్నుంచి కాలినడకే. సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో, చెట్ల మధ్య నుంచి, నిటారుగా ఉన్న బాట పట్టుకుని రొప్పుతూ ఎక్కుతారు. పైకి చేరాక కాళ్ల కింద లోయలన్నీ మబ్బుతో నిండిపోయి ఉంటాయి. కొండ కొమ్ములు మాత్రమే పైకి కనబడతాయి. పొద్దు పొడిచేదాకా చూసి, ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి దిగిపోతారు.

వాళ్లు రావడంలో తప్పేమీ లేదు. మంచి చోటు ఎవరికైనా మంచిదే. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ వచ్చేవాళ్లకు లంబసింగి అంటే చలి. 'కొర్రబయలు' అనే పేరు కూడా వాళ్ల నోట వినబడుతుంది. బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెప్పుకుంటారు. మరి మన పిల్లలకు లంబసింగి అంటే ఏమిటి? వాళ్లకూ ఇప్పుడు చలీ, వ్యూ పాయింటే అయిపోతున్నాయి. తమ ఊరి మీదుగా పోయే ఘాటీని ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో, దాని వల్ల ఏం జరిగిందో తెలియకుండా పదో తరగతి దాటిపోతున్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం, వాళ్లకు పాఠం చెప్పే మాస్టార్ల కోసం.

ముందుగా దారుల సంగతి. ఘాట్ రోడ్డు రాకముందు మన్యంలో దారులు లేవని కొందరు రాస్తారు. అది నిజం కాదు. దారులు ఉన్నాయి. అవి కాలిబాటలు. గెడ్డల వెంట, కొండ వెన్ను మీదుగా, ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి సంతకు పోయేవి. చింతపండు, కరక్కాయ, పిప్పళ్లు, అడ్డాకులు కావడిలో కట్టి దిగువ సంతకు మోసేవారు. ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు తిరిగి పైకి మోసేవారు. కావడి మోసేవాడికి దూరం తగ్గడం ముఖ్యం. అందుకే కొండవాడి బాట వంపులు తిరగదు, ఏటవాలుకు ఎదురెక్కుతుంది. ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ చదును ఉందో, ఎక్కడ నీటి ఊట ఉందో అతనికి తెలుసు. ఈ రోజు ట్రెక్కింగ్ అని పేరు పెట్టుకుని ఎక్కే బాటలు చాలావరకు ఇలాంటి పాత బాటలే. కట్టెలకు, పోడుకు, పశువులకు, సంతకు నడిచిన పాదాలే వాటిని వేశాయి.

బండి రోడ్డు అలా కాదు. ఎద్దులకు, లారీలకు వాలు ముఖ్యం. వాలు తగ్గాలంటే రోడ్డు కొండను చుట్టి చుట్టి ఎక్కాలి. అలా తిరిగే ప్రతి గజం దగ్గరా లోపలి వైపు కొండను తవ్వాలి, ఆ మట్టిని బయటి వైపు పోయాలి, అది జారకుండా రాతికట్టు కట్టాలి, వాననీరు పోవడానికి తూములు పెట్టాలి. ఒక వర్షాకాలం పోయేసరికి సగం కూలిపోతుంది, మళ్లీ కట్టాలి. యంత్రాలు లేని రోజుల్లో ఇదంతా గునపం, పార, తట్టతోనే చేశారు. చేతులు కావాలి, వందల చేతులు. ఆ చేతులు ఎవరివన్నదే మన ప్రశ్న.

ఆ రోజుల్లో మన ప్రాంతాన్ని ఎలా పాలించారో కాస్త తెలుసుకోవాలి. 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తీసి కలెక్టరు చేతికి ఇచ్చారు. కలెక్టరు గవర్నరుకు ఏజెంటు అయ్యాడు. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అనే మాట వాడుతున్నామంటే అది ఆ ఏజెంటు వల్ల వచ్చిన మాటే. ఊళ్లు ముఠాలుగా ఉండేవి, ముఠాదార్లు శిస్తు వసూలు చేసి పైకి కట్టేవారు. 1879లో కల్లు మీద పన్ను, పోలీసుల జులుం, షావుకార్ల అప్పులు కలిసి రంప ఫితూరీ లేచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. పోడు కొట్టడం, పశువులు మేపడం, కట్టె తెచ్చుకోవడం నేరాలయ్యాయి. తాతల నాటి పని ఒక్క కాగితంతో దొంగతనం అయిపోయింది.

అడవి సర్కారుదైపోయాక అందులోకి సర్కారు మనుషులు రావాలి, లోపలి సరుకు బయటికి పోవాలి. అందుకు రోడ్డు కావాలి. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా లంబసింగి ఎక్కి చింతపల్లికి పోయే ఘాటీ పని అలా మన మెడకు చుట్టుకుంది. 1920ల మొదట్లో గూడెం ప్రాంతానికి బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. రోడ్డు పనికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను బలవంతంగా తోలుకుపోయేవాడు. ఇవ్వాల్సిన కూలి ఇచ్చేవాడు కాదు. ఎదురు తిరిగితే దెబ్బలు. పోడు విత్తే రోజుల్లో మనిషిని రోడ్డు పనికి పట్టుకుపోతే ఆ ఇంటికి ఏడాది తిండి పోయినట్టే. ఒక రోజు కూలి దగ్గర మొదలైన అన్యాయం ఆ ఇంటిని ఏడాది ఆకలికి తోసేది. వెట్టి అంటే ఇదే. పై అధికారులకు ఫిర్యాదులు పోయినా బాస్టియన్ మీద తగిన చర్య లేదు.

బట్టిపనుకుల గ్రామానికి చెందిన గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర ఆ తహసీల్దారుతో వైరం తెచ్చుకున్నవాళ్లు. అల్లూరి సీతారామరాజు ఈ కొండల్లోకి బయటి నుంచి వచ్చినవాడు. ఆయన వచ్చేనాటికే ఇక్కడ కోపం ఉంది, ఆ కోపానికి కారణాలు ఉన్నాయి, నాయకులూ ఉన్నారు. రాజు ఆ కోపానికి ఒక వరుస, ఒక క్రమశిక్షణ ఇచ్చాడు. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఒక్కడు వచ్చి మనల్ని నిద్ర లేపాడని చెప్పే కథలో మన తాతలు నిద్రపోతున్నవాళ్లుగా మిగిలిపోతున్నారు. వాళ్లు నిద్రపోలేదు, గునపాలు పట్టుకుని రోడ్డు మీద ఉన్నారు.

ఇలాంటి బాధ మనకొక్కరికే కాదు. హిమాలయాల్లో కుమావూ కొండల వాళ్ల చేత కూడా తెల్లదొరలు, వాళ్ల సామాను, వాళ్ల వేట సరంజామా బలవంతంగా మోయించుకునేవారు. దాన్ని 'కూలీ బేగార్' అనేవారు. ఏ ఊరి నుంచి ఎవరు ఎప్పుడు మోయాలో పేర్లు రాసిన రిజిస్టర్లు ఊరి పెద్దల దగ్గర ఉండేవి. 1921 జనవరిలో సంక్రాంతి పండగ నాడు బాగేశ్వర్ అనే చోట జనం పోగై ఆ రిజిస్టర్లను సరయూ నదిలో పారేశారు. ఆ తర్వాత అక్కడ బేగార్ నిలబడలేదు. దూరంగా ఉన్న రెండు కొండలు, ఒకరి పేరు ఒకరికి తెలియని జనం, దాదాపు ఒకే కాలంలో ఒకే మాట అన్నారు. మా వీపు మీ బండి కాదు అని.

మన కొండల్లో ఆ మాట తుపాకుల మీదుగా వచ్చింది. 1922 ఆగస్టు 22న రాజు, గాం సోదరులు, దాదాపు మూడువందల మంది చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. ఆ ఘాటీ ఏ చింతపల్లి కోసం తవ్వారో మొదటి దెబ్బ ఆ చింతపల్లి మీదే. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు చేతికి వచ్చాయి.

ఆ మూడు స్టేషన్ల మధ్య దూరాన్ని పటంలో చూడండి. మాస్టార్లు దీన్ని క్లాసులో బోర్డు మీద గీయించాలి. వర్షాకాలం, పొంగే గెడ్డలు, జలగల అడవి. గుర్రాలు, బళ్లు ఉన్న సర్కారు కంటే ముందుగా కాలినడకన పోయినవాళ్లు చేరుకున్నారు. ఎలా? రోడ్డు ఒకటే, కానీ బాటలు వంద. పోలీసులకు రోడ్డు తెలుసు, మనవాళ్లకు బాటలు తెలుసు. రెండేళ్ల పోరాటంలో చాలాసార్లు గెలుపు ఓటముల తేడా ఇదే.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగింది చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పటాలంతో ఆ కనుమ గుండా వస్తున్నారు. నిటారు కనుమలో దారి సన్నం. ఎంతమంది ఉన్నా ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. పైన చెట్ల చాటున ఉన్నవాడికి కిందనున్న వరసంతా కనబడుతుంది. కింద నడిచేవాడికి ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనబడదు. ముందు నడుస్తున్న మన దేశపు సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న ఆ ఇద్దరు అధికారుల మీద కాల్చారు. ఇద్దరూ అక్కడే చచ్చిపోయారు. ఈ రోజు మనం కొండ పైన నిలబడి 'ఎంత బాగా కనబడుతోందో' అంటాం. ఆనాడు పై నుంచి కనబడడమంటే ప్రాణం నిలవడం. కొండ మీది చూపు మనవాళ్లకు ఆయుధం.

తర్వాత సర్కారు మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపింది. ఊళ్ల మీద పడ్డారు. తిండి అందకుండా చేశారు. మల్లుదొర 1923లో పట్టుబడ్డాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మరుసటి నెలలో గంటందొర కాల్పుల్లో చనిపోయాడు. పేరు తెలిసినవాళ్ల కథ ఇంతవరకు. కానీ జైళ్లలో పోయినవాళ్లు, ఊరు కాలిపోయి కొండ మారినవాళ్లు, అంతకుముందు ఘాటీ తవ్వుతూ రాయి పడి పోయినవాళ్లు, జ్వరమొచ్చి పోయినవాళ్లు ఏ రాతి మీదా లేరు.

మల్లుదొర కథ ఇక్కడితో అయిపోలేదు. మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన భాగం ఇదే. ఆయనకు మొదట ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్‌కు పంపారు. బతికి తిరిగొచ్చాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. అప్పట్లో విశాఖపట్నం నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచి ఢిల్లీ పోయాడు. సర్కారు ఉరి తీస్తానన్న మనిషి ఆ సర్కారు కూర్చున్న చోటికే చట్టాలు చేయడానికి వెళ్లాడు. బీచ్ రోడ్డులో, పోర్టు గేటు దగ్గర, యూనివర్సిటీలో అడగండి, విశాఖ మొదటి ఎంపీల్లో ఒక మన్యం మనిషి ఉన్నాడని ఎంతమందికి తెలుసో.

విశాఖపట్నానికీ మన కొండలకూ ఉన్న బంధం చాలామంది అనుకునే దాని కంటే దగ్గరిది. ఫితూరీ చల్లారిన తొమ్మిదేళ్లకు, 1933లో విశాఖ పోర్టు తెరిచారు. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు దారి వేశారు. అనంతగిరి, అరకు కొండలను యాభైకి పైగా సొరంగాలతో తొలుచుకుంటూ వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉన్న శిమిలిగుడ దాకా అది ఎక్కుతుంది. ఆ దారి మన ప్రయాణానికి వేసింది కాదు, బైలాడిలా ఇనుప రాయిని పోర్టుకు దించి జపానుకు పంపడానికి వేసింది. ఇప్పుడు అద్దాల పెట్టెలో కూర్చుని లోయలు చూడడానికి జనం వస్తున్నారు. సరుకు దిగే దారినే చూపులు ఎక్కుతున్నాయి. అదే అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద మనవాళ్లు పోరాడితే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమినైనా సరే ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. చూడడానికి అందంగా ఉన్న కొండ కింద ఏముందో ఆ ఊళ్ల వాళ్లకు బాగా తెలుసు.

ఇంతవరకు చదివినవాళ్లు, 'అయితే మన్యానికి రోడ్లు వద్దంటారా' అని అడగొచ్చు. వద్దనలేదు. వద్దని అనగలిగే స్థితిలో మనం లేం. ఈ రోజుకీ రోడ్డు లేని గూడేలు ఉన్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని దుప్పటి డోలీలో వేసి, కర్రకు కట్టి, ఇద్దరు ముందు ఇద్దరు వెనక భుజం మార్చుకుంటూ కొండ దించుతున్నారు. వర్షాకాలంలో గెడ్డ పొంగితే ఒడ్డున ఆగిపోతున్నారు. పట్నం కుర్రాళ్లు సరదాకు ఎక్కే వాలు మీదుగానే మనవాళ్లు మనిషి ప్రాణం మోసుకుని దిగుతున్నారు. డోలీ మోసినవాడి భుజం మీది కాయను చూసినవాళ్లెవరూ రోడ్డు వద్దనరు.

మరి మన తాతలు రోడ్డు పని మీద ఎందుకు తిరగబడ్డారు? వాళ్లు తిరగబడింది రోడ్డు మీద కాదు. తమను అడగకుండా, తమ చేతులతో, తమ కూలి ఎగ్గొట్టి, తమ అడవిని దించుకుపోవడానికి వేసిన రోడ్డు మీద. ఈ తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. లేకపోతే ఫితూరీ అంటే అభివృద్ధికి అడ్డుపడడం అని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఆ జవాబు ఇప్పుడు చట్టంలో కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో భాగం తీసి చదవండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు లాంటి అవసరాలకు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. ఒక్కో పనికి హెక్టారు కంటే తక్కువ భూమే తీసుకోవాలి. హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, గ్రామసభ సిఫారసు చేయాలి. 1922లో తహసీల్దారు మాట మీద రోడ్డు పడింది. ఇప్పుడు మన ఊరి సభ మాట మీద పడాలి. ఈ చిన్న మార్పుకు వెనక ఎనభై నాలుగేళ్లు, ఎన్నో ప్రాణాలు ఉన్నాయి. కానీ గ్రామసభలో మన కుర్రాళ్లు కూర్చోకపోతే, తీర్మానం ఎవరో రాసి తెచ్చి వేలిముద్రలు వేయించుకుంటే, ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోతుంది. రోడ్డు ఎక్కడి నుంచి పోవాలో, ఏ చెట్టు ఉండాలో, కూలి ఎవరికి ఎంత అందిందో అడగడం కూడా మన చరిత్రను గుర్తుపెట్టుకోవడమే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. విశాఖ జిల్లా పటంలో నుంచి మన కొండలు వెళ్లిపోయాయి. పేరు రావడం మంచిదే. పేరు కింద ఉన్న మనుషులను గుర్తు చేయాల్సింది మాత్రం మనమే.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. మాస్టార్లు ఏడాదికి ఒక్కసారి పిల్లలను ఊరి పాత బాట ఎక్కించండి. ముందు ఒక పెద్దాయననో, ఒక ముసలమ్మనో నడిపించండి. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆ రాయికి, ఆ ఊటకు, ఆ కొండ కొమ్ముకు మన భాషలో పేరేమిటో అడిగి రాసుకోమనండి. రోడ్డు మలుపుల దగ్గర పాత రాతికట్టు ఉంటే పిల్లల చేత ముట్టించండి. ఎవరి ఇంట్లో ఎవరు రోడ్డు పనికి పోయారో, ఎవరు ఫితూరీలో ఉన్నారో ముసలివాళ్లు విన్న మాటలు నోటుపుస్తకంలో రాయించండి. అందులో తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చు. ఆ ముసలివాళ్లు పోయాక రాయడానికి ఏమీ ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకొక మాట. కొండ ఎక్కడం మనకు కొత్త కాదు. 2014 మేలో నిజామాబాద్ జిల్లా లంబాడీ అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. గురుకులంలో చదువుకున్న పిల్ల. కాబట్టి వంజంగి మీద టీ కొట్టు పెట్టుకోండి, తప్పు లేదు. గైడుగా వెళ్లండి, మంచిదే. వచ్చినవాళ్లకు మబ్బులు చూపించండి. చూపించాక, చింతపల్లి వైపు చెయ్యి చాచి ఆ ఘాటీ ఎవరు తవ్వారో కూడా చెప్పండి. గంటందొర పేరు, మల్లుదొర పేరు చెప్పండి. పేర్లు తెలియని వాళ్లను కూడా, 'మా తాతలు' అని చెప్పండి. వచ్చినవాడు విని ఊరుకున్నా ఫరవాలేదు. చెప్పేటప్పుడు మీ చెవిన మీకు పడుతుంది కదా, ముందు అది చాలు.